లూయీ వల్తా తరహాలో ఎర్రరాళ్లు, నీలి సముద్రం: ఆయిల్ రంగుల్లో అంచెలంచెలుగా

రంగులు కొట్టొచ్చినట్టు కనిపించాలి, అలాగని క్యాలెండర్ బొమ్మలా ఉండకూడదు, చూస్తే ఎండ నిజంగానే పడుతున్నట్టుండాలి, ఇదెలా కుదురుతుందని లాండ్‌స్కేప్ వేసేవాళ్లు పదేపదే అడుగుతున్నారు. లూయీ వల్తా పనితీరు పట్టుకుంటే కుదురుతుంది. ఆరుబయటి వెలుగుని పట్టుకున్న ఇంప్రెషనిస్టులకీ, కంటికి కనిపించే రంగుకి కట్టుబడకుండా ఘాటైన రంగులు తెగించి వాడిన ఫావిస్టులకీ మధ్య వంతెనలా నిలబడ్డ ఫ్రెంచి చిత్రకారుడు అతను. 1869లో దియెప్‌లో పుట్టాడు, 1952లో పారిస్‌లో పోయాడు. ఇంతకుమించి జీవితచరిత్ర జోలికి వెళ్లను.

మనం వేయబోయేది అతను ఏళ్ల తరబడి వేసిన దృశ్యమే. ఫ్రాన్స్ దక్షిణ తీరంలో ఆంతెయోర్ అనే ఊరు, దాని వెనక ఎస్తెరెల్ కొండలు, నిప్పుకణికల్లా ఉండే ఎర్రరాళ్లు, వాటి కాళ్ల దగ్గర మధ్యధరా సముద్రం. 1899 ప్రాంతం నుంచి 1914 దాకా అతని పనిలో పెద్ద భాగం అక్కడే జరిగింది.

మొదలుపెట్టే ముందు ఒక సూత్రం గుర్తుపెట్టుకోండి, మిగతా అంచెలన్నీ దీని మీదే నడుస్తాయి. ఎక్కడ ఎంత వెలుగు, ఎక్కడ ఎంత నీడ అనే లెక్క ఇంప్రెషనిస్టుల దగ్గర నేర్చుకున్నది, దాన్ని కదపకూడదు. ఆ లెక్కలో ఏ రంగు కూర్చోబెట్టాలన్నది మాత్రం మీ ఇష్టం, అక్కడ ఎంత తెగింపైనా చేయొచ్చు. చాలామంది రెండోది చేసి మొదటిది వదిలేస్తారు, అందుకే బొమ్మలో రంగులు అరుస్తాయి గానీ ఎండ కనిపించదు.

1. ముందు ఓ పూట చూడండి, బ్రష్ పట్టుకోకండి

వల్తా వేసిన ఆంతెయోర్, అగే తీరాల బొమ్మలు ఇంటర్నెట్లో బోలెడు దొరుకుతాయి. ఓ నాలుగైదు ఎంచుకోండి. స్క్రీన్ మీద రంగులు ఒక్కో సైట్‌లో ఒక్కోలా ఉంటాయి కాబట్టి ఫలానా ఎరుపు కచ్చితంగా ఇదే అని పట్టు పట్టొద్దు. మనకు కావలసింది రంగుల మధ్య సంబంధం.

చూడాల్సినవి ఇవి:

• రాతి నీడల్లో నలుపు ఉందా, ఊదా ఉందా, నీలం ఉందా?
• ఎండ పడ్డ రాయి నీడ దగ్గరకొచ్చేసరికి రంగు ఎలా మారుతోంది?
• సముద్రం మీద బ్రష్ ఏ దిక్కుగా నడిచింది, రాయి మీద ఏ దిక్కుగా నడిచింది?
• బ్రష్ గీతల మధ్య కాన్వాస్ అడుగు ఎక్కడెక్కడ కనిపిస్తోంది?
• ఆకారాల చుట్టూ ముదురు గీత ఎక్కడుంది, ఎక్కడ లేదు?

తర్వాత అదే బొమ్మను ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్ చేసి చూడండి. రంగు తీసేసినా ఎండ నిలబడే ఉంటుంది, రాయి ఉబ్బెత్తూ తెలుస్తుంది. అదే మన గురి. కాకపోతే ఎరుపు విషయంలో ఫోన్ ఒక్కోసారి మోసం చేస్తుంది, ఉన్నదానికంటే ముదురుగానో లేతగానో చూపిస్తుంది, కాబట్టి కళ్లు సగం మూసి, చికిలించి చూడటం కూడా అలవాటు చేసుకోండి. అసలు పనిలో ఫోన్ కంటే ఎక్కువ అక్కరకొచ్చేది ఆ చికిలింపే.

2. సామగ్రి: తక్కువ కొనండి, కానీ తెల్లరంగు ఎక్కువ కొనండి

మొదటి బొమ్మకి 12 × 16 అంగుళాల కాన్వాస్ బోర్డు చాలు. అంతకంటే చిన్నదైతే బ్రష్ గీత ఆడదు, పెద్దదైతే సగంలో ఓపిక పోతుంది.

రంగులు:

• టైటానియం వైట్ (పెద్ద ట్యూబు)
• లెమన్ ఎల్లో లేదా లేత కాడ్మియం ఎల్లో
• ఎల్లో ఓకర్
• లేత కాడ్మియం రెడ్, అంటే నారింజ వైపు మొగ్గేది
• అలిజరిన్ క్రిమ్సన్ (పర్మనెంట్ అని రాసి ఉన్నది తీసుకోండి, మామూలుది పలచగా పూస్తే కాలం గడిచేకొద్దీ వెలిసిపోతుంది)
• అల్ట్రామరీన్ బ్లూ
• కోబాల్ట్ బ్లూ
• విరిడియన్ గ్రీన్

నలుపు కొనకండి. ఉంటే డ్రాయర్లో పెట్టేయండి. అల్ట్రామరీన్, అలిజరిన్ కలిపి అందులో ఇసుమంత విరిడియన్ పడితే నలుపు లోతే వస్తుంది, పైగా అందులో రంగు బతికే ఉంటుంది.

స్టూడెంట్ రకం ట్యూబుల మీద కాడ్మియం రెడ్ పక్కన హ్యూ అని ఉంటే అందులో అసలు కాడ్మియం లేదని అర్థం. నేర్చుకోవడానికి పర్లేదు గానీ తెలుపు కలిపితే కొన్ని తొందరగా చచ్చుబడతాయి. డబ్బు పెట్టగలిగితే ఎరుపు, పసుపు రెండూ మంచివి కొనండి, మిగతావి మామూలువైనా నడుస్తుంది.

బ్రష్‌లు: పందివెంట్రుకల ఫ్లాట్ బ్రష్‌లు 4, 6, 8 నంబర్లు, ఒక 2 నంబరు రౌండ్. మెత్తటి నైలాన్ బ్రష్‌తో ఈ గీత రాదు, అది రంగును అలికేస్తుంది. వీటితో పాటు పాలెట్ నైఫ్, టర్పెంటైన్, కొంచెం అవిసె నూనె, పాత నూలు బట్టలు.

బట్టల గురించి ఒక జాగ్రత్త, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. అవిసె నూనె పీల్చిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. విడివిడిగా పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్లు పోసిన లోహపు డబ్బాలో వేయండి. టర్పెంటైన్ వాడేటప్పుడు కిటికీలు తీసే ఉంచండి.

3. దృశ్యం, వేళ

మిట్టమధ్యాహ్నం వద్దు. ఎండ నెత్తిమీద ఉంటే రాతి నీడలు అడుగున ముడుచుకుపోతాయి, మనకు పని ఉండదు. పొద్దున ఎనిమిదిలోపు, లేదా సాయంత్రం నాలుగు దాటాక పక్కనుంచి పడే ఎండ కావాలి. అప్పుడు రాయికి ఒక వైపు మంట, ఒక వైపు చల్లటి నీడ దొరుకుతాయి.

ఎస్తెరెల్ రాయి పోర్ఫిరీ జాతిది, అగ్నిపర్వతాల నుంచి వచ్చింది, కోసుగా పగులుతుంది. పలకలు పలకలుగా ఉంటుంది కాబట్టి బ్రష్‌కి అనుకూలం. ఆ తీరం ఫోటోలు చూసి వేయొచ్చు. విశాఖ వైపు ఉన్నవాళ్లకి ఎర్రనేల, నీలి సముద్రం ఒకే చూపులో దొరికే చోటు భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బలు. అది రాయి కాదు, ఇసుకదిబ్బ, అంచులు మెత్తగా ఉంటాయి, అయినా రంగు సాధనకి బావుంటుంది. రక్షిత ప్రదేశం కాబట్టి దిబ్బలు ఎక్కి తొక్కకుండా దూరంగా కూర్చుని వేసుకోండి.

ఫోటోతో వచ్చే చిక్కు ఒకటుంది. ఫోన్ కెమెరా ఎండను సరిచేసే హడావిడిలో నీడను నల్లగా మింగేస్తుంది. కంటికి కనిపించే ఊదా, ఆకుపచ్చ అందులో ఉండవు. అందుకే ఏదో ఒక రోజు బయటికెళ్లి, ఎండలో ఉన్న ఏ ఎర్ర గోడ నీడనైనా ఓ పది నిమిషాలు చూసి, కనిపించిన రంగులు కాగితం మీద రాసుకోండి. నీడలో ఆకాశపు నీలం దిగుతుంది, కింద నేల మీది వెలుగు పైకి తిరిగి కొట్టి నీడ అడుగుని వెచ్చబరుస్తుంది. ఈ రెండూ ఒకసారి కంటపడ్డాయా, ఇక ఫోటోలో లేకపోయినా మీరు వేయగలరు.

4. చిన్న స్కెచ్: మూడే టోన్లు

అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద డబ్బాలు నాలుగు గీసుకుని, ఒక్కో దాంట్లో ఒక్కో కూర్పు ప్రయత్నించండి. పెన్సిల్‌తో మూడే టోన్లు, అంటే వెలుగునీడల మెట్లు: లేత, మధ్యస్థం, ముదురు. నాలుగోది కావాలనిపిస్తుంది, ఇవ్వకండి.

ఈ దృశ్యానికి నేను చెప్పే లెక్క ఇది:

• ఆకాశం లేత
• సముద్రం మధ్యస్థం
• ఎండ పడ్డ రాయి మధ్యస్థం, అక్కడక్కడా లేత
• నీడ రాయి, పైన్ చెట్ల అడుగు ముదురు

సముద్రం, ఎండరాయి రెండూ మధ్యస్థమేనా, మరి తేడా ఎలా తెలుస్తుందని అడగొచ్చు. తేడా తెలపాల్సింది రంగే. ఒకే టోన్‌లో ఉన్న నారింజ, నీలం పక్కపక్కన పడినప్పుడు అంచు అదురుతున్నట్టు కనిపిస్తుంది, ఫావిస్టు బొమ్మల్లో కన్ను నిలవకుండా చేసేది ఆ అదురే. టోన్ లెక్క చెడకుండానే అది రాబట్టాలంటే ఈ చోటే సరైనది.

ఆకాశానికి పై అయిదో వంతు చాలు, రాళ్లకి సగానికి పైగా ఇవ్వండి. ఆకారాలు పెద్దవిగా, తక్కువగా ఉండాలి. 1895లో పారిస్‌లో మన ‘మృచ్ఛకటికం’ నాటకాన్ని ఫ్రెంచిలో ఆడినప్పుడు రంగాలంకరణ చేసిన చిత్రకారుడు తులూజ్ లోత్రెక్‌తో కలిసి వల్తా కూడా పనిచేశాడు. స్టేజి తెర వేసినవాడికి చివరి వరసలో కూర్చున్నవాడి కన్ను గుర్తుంటుంది. మీ స్కెచ్‌ని కూడా గదికి అటు చివర పెట్టి చూడండి, ఎండ ఎక్కడో నీడ ఎక్కడో అక్కడినుంచి తెలియకపోతే కాన్వాస్ మీదికి వెళ్లొద్దు.

5. అడుగు పూత, గీత

తెల్ల కాన్వాస్ మీద నేరుగా మొదలుపెడితే ప్రతి రంగూ ముదురుగా అనిపించి భయంతో తెలుపు కలుపుకుంటూ పోతారు. ఎల్లో ఓకర్‌లో చుక్క కాడ్మియం రెడ్ కలిపి, టర్పెంటైన్‌తో టీ నీళ్లంత పలచగా చేసి, కాన్వాస్ అంతా పూసి గుడ్డతో తుడిచేయండి. లేత గోధుమ రంగు మిగిలితే చాలు. ఒక రోజు ఆరనివ్వండి.

తర్వాత సముద్రపు నీలం గీతల సందుల్లోంచి ఈ వెచ్చదనం తొంగిచూస్తుంది. అందుకే సందులు మిగల్చమంటాను.

బొమ్మ గీయడానికి పెన్సిల్ వద్దు. 2 నంబరు బ్రష్‌తో, పలచని అల్ట్రామరీన్‌తో పెద్ద ఆకారాల అంచులు మాత్రం గీయండి. రాతి పగుళ్లు, చెట్ల కొమ్మలు, అలలు ఇప్పుడే గీయకండి. ఈ నీలి గీత కొన్నిచోట్ల చివరిదాకా ఉండిపోతుంది, ఉండనివ్వండి.

6. రంగుల కుప్పలు ముందే కలిపి పెట్టుకోవడం

ఈ అంచెకి కనీసం ముప్పావు గంట కేటాయించండి. కాన్వాస్ మీద వేస్తూ వేస్తూ కలుపుకుంటే తొందరలో అన్నీ ఒకేలాంటి గోధుమరంగులోకి జారిపోతాయి.

అన్నిటికంటే ముఖ్యమైన నియమం ఎరుపుది. ఎరుపుని లేతగా చేయాలంటే తెలుపు వైపు వెళ్లకండి, పసుపు వైపు వెళ్లండి. తెలుపు పడితే అది గులాబీ అవుతుంది, ఎండ చల్లారిపోతుంది. ఎరుపుని ముదురు చేయాలంటే అలిజరిన్ వైపు, అక్కడినుంచి ఊదా వైపు వెళ్లండి.

ఎండరాయికి మూడు కుప్పలు:

• కాడ్మియం రెడ్ + లెమన్ ఎల్లో, నారింజ వచ్చేదాకా
• అదే నారింజ + ఎల్లో ఓకర్ + ఇసుమంత తెలుపు, ఎండ నేరుగా పడే పలకలకి
• కాడ్మియం రెడ్ + కొంచెం అలిజరిన్, ఎండ వాలుగా పడే పలకలకి

నీడరాయికి మూడు:

• అలిజరిన్ + అల్ట్రామరీన్, ముదురు ఊదా
• అదే ఊదా + కోబాల్ట్ + కొంచెం తెలుపు, ఆకాశం దిగే పైవైపుకి
• అలిజరిన్ + కాడ్మియం రెడ్ + చుక్క ఊదా, నీడ అడుగున వెచ్చని భాగానికి

సముద్రానికి అల్ట్రామరీన్ + తెలుపు, కోబాల్ట్ + తెలుపు, విరిడియన్ + తెలుపు + చుక్క పసుపు. ట్యూబులోంచి వచ్చిన అల్ట్రామరీన్ ఎంత ముదురో గుర్తుంచుకోండి, తెలుపు లేకుండా వేస్తే సముద్రం నీడరాయి కంటే ముదురై బొమ్మకి కన్నం పడ్డట్టుంటుంది. ఆకాశానికి కోబాల్ట్‌లో బాగా తెలుపు, కింద క్షితిజం దగ్గర తెలుపులో కొంచెం పసుపు, కొంచెం అలిజరిన్. చెట్లకి విరిడియన్ + పసుపు, వాటి నీడకి విరిడియన్ + అల్ట్రామరీన్.

ట్యూబులోంచి వచ్చిన పచ్చి కాడ్మియం రెడ్‌ని ఓ పక్కన వేరుగా పెట్టుకోండి. అది ఇంగువ లాంటిది, ఎక్కడో చిటికెడు పడితేనే రుచి.

కుప్పలు అయ్యాక ఒక తెల్ల అట్టముక్క మీద ఒక్కో దాన్నీ తాకించి, స్కెచ్ పక్కన పెట్టి, కళ్లు చికిలించి చూడండి:

• నీడరాయి కుప్పల్లో అన్నిటికంటే లేతది కూడా ఎండరాయి కుప్పల్లో ముదురుదాని కంటే ముదురుగా ఉందా?
• సముద్రం, ఎండరాయి దాదాపు ఒకే టోన్‌లో ఉన్నాయా?
• ఆకాశం అన్నిటికంటే లేతగా ఉందా?

మొదటి ప్రశ్నకి లేదు అని వస్తే సరిచేసేదాకా కాన్వాస్ ముట్టుకోకండి. తొంభై శాతం తంటాలు అక్కడే పుడతాయి.

7. వేసే వరస

ముదురు నుంచి లేతకి, పలచన నుంచి చిక్కనకి. అడుగున టర్పెంటైన్ ఎక్కువ, పైకి వచ్చేకొద్దీ టర్పెంటైన్ తక్కువ, రంగు ఎక్కువ. ఈ క్రమం తిరగబడితే పై పొర ముందు ఆరి, కొన్నాళ్లకి పగుళ్లు వస్తాయి.

వరస ఇలా:

క. నీడరాళ్లు. పలచగా, 8 నంబరు బ్రష్‌తో. మూడు ఊదాలూ పక్కపక్కన పడాలి, ఒకదాన్లో ఒకటి కలవకూడదు.

చ. ఎండరాళ్లు. రాయి పలక ఏ దిక్కుకి వాలిందో బ్రష్ ఆ దిక్కుకే నడవాలి. నిలువు పలకకి నిలువు గీత, చదును పలకకి అడ్డగీత. పలక మారిన చోట రంగూ మారాలి, గీత దిక్కూ మారాలి.

ట. సముద్రం. 6 నంబరుతో పొట్టి అడ్డగీతలు, దగ్గరకొచ్చేకొద్దీ పొడవు, దూరానికి సన్నం. దూరాన అల్ట్రామరీన్, దగ్గరికి విరిడియన్. సందుల్లో అడుగు పూత కనిపించనివ్వండి.

త. ఆకాశం. పెద్ద వాలుగీతలు, ఒక్క విడతలో. ఇక్కడ ఎక్కువ ఆలోచించొద్దు.

ప. చెట్లు, చివరి మెరుపులు.

బ్రష్ నడక సంగతి. రంగు నిండుగా ఎత్తండి, కాన్వాస్‌ని తాకించి ఒక్క గీత లాగండి, ఎత్తేయండి. అదే చోట రెండోసారి రుద్దకండి. రెండు మూడు గీతలకోసారి బ్రష్‌ని గుడ్డకి తుడవండి, రంగు మారినప్పుడు తప్పనిసరిగా తుడవండి. ఆ గుడ్డ తుడుపులు బద్ధకించినవాళ్ల బొమ్మ సాయంత్రానికి బురదే.

ఇక్కడ, రంగుల్ని చుక్కలు చుక్కలుగా పెట్టి బొమ్మలు వేసిన ఫ్రెంచి చిత్రకారుడు సిన్యాక్ గుర్తొచ్చి అంతా చుక్కలు పెట్టేద్దామని చేయి లాగుతుంది. వల్తాకి సిన్యాక్‌తో మంచి స్నేహం ఉండేది, ఒక బొమ్మ ఇచ్చి అతని చిన్న బొల్లే కంపెనీ కారు తెచ్చుకున్నాడు కూడా. కారు తెచ్చుకున్నాడు గానీ ఈ తీరం బొమ్మల్లో సిన్యాక్ కొలిచి పెట్టే చుక్కల క్రమశిక్షణ తెచ్చుకోలేదు. వల్తా గీత పొడుగ్గా, వంకరగా, ఆకారాన్ని తడుముతూ నడుస్తుంది. మీదీ అలాగే నడవాలి.

8. రాయి నీటిని తాకే చోటు

ఇంచు మందం ఉండే ఈ పట్టీ సరిగ్గా కుదిరితే మిగతా బొమ్మలో చిన్న లోపాలు ఎవరికీ కనిపించవు, అందుకే దీన్ని విడిగా చెబుతున్నాను.

మొదట రాయి అడుగున, నీటిని తాకే గీత. తడిసిన రాయి పొడిరాయి కంటే ముదురు. అలిజరిన్, అల్ట్రామరీన్ ఊదాతో 4 నంబరు బ్రష్ అంచుని వాడి, తెగుతూ కలుస్తూ ఉండే గీత వేయండి. స్కేలు పెట్టి గీసినట్టు ఉండకూడదు.

దాని కింద ప్రతిబింబం. పైన రాయి నారింజ అయితే నీటిలో అదే నారింజ వేయకండి. నారింజలో కొంచెం అలిజరిన్, చుక్క కోబాల్ట్ కలిపి ఒక మెట్టు దించండి. నాలుగైదు అడ్డగీతలు, మధ్యలో సముద్రపు నీలం గీతలు. కిందికి వచ్చేకొద్దీ నారింజ గీతలు పొట్టివై, ఎడం పెరిగి, మాయమవ్వాలి.

చివరిగా నురగ. దీన్ని స్వచ్ఛమైన తెలుపుతో వేస్తే అతికించినట్టుంటుంది. ఎండలో ఉన్న నురగకి తెలుపులో చుక్క లెమన్ ఎల్లో, నీడలో ఉన్న నురగకి తెలుపులో కోబాల్ట్, ఇసుమంత అలిజరిన్. చిక్కగా ఎత్తి, బ్రష్‌ని పడుకోబెట్టి లాగితే దానంతట అదే తెగి పడుతుంది. నాలుగు చోట్ల కంటే ఎక్కువ వద్దు.

ఇప్పుడు, పచ్చి కాడ్మియం రెడ్. నీడకీ ఎండకీ మధ్య అంచులో ఒకటి రెండు గీతలు. అక్కడే ఎందుకంటే, ఊదా పక్కన ఎరుపు వెలిగినట్టు ఎండ మధ్యలో వెలగదు.

9. సాధారణంగా జరిగే తప్పులు, మరమ్మతులు

బురద రంగు. తడి రంగు మీద తడి రంగు రుద్దడం వల్ల వస్తుంది. దాని మీద ఇంకో రంగు వేసి కప్పాలని చూడకండి. పాలెట్ నైఫ్‌తో ఆ భాగాన్ని గీరేయండి, గుడ్డతో అద్దండి, కొత్త రంగు ఒక్క గీతలో వేయండి.

సుద్ద కొట్టినట్టు ఉండటం. అన్నిట్లో తెలుపు పడింది. ఎండరాళ్ల మీద తెలుపు లేని నారింజ గీతలు వేయండి, నీడల్లో తెలుపు ఎక్కువైనచోట గీరేసి పలచని ఊదా వేయండి. తెలుపు ఎక్కువగా పడాల్సింది ఆకాశానికీ సముద్రానికీ నురగకీ.

అన్ని రంగులూ ఒకేసారి అరవడం. బొమ్మలో కంటికి విశ్రాంతి లేదు. ఇది తెగింపు ఎక్కువై కాదు, తెగింపు అంతటా సమానంగా ఉండటం వల్ల. ఒక మూల ఎంచుకుని, సాధారణంగా ఆకాశం గానీ దూరపు కొండ గానీ, అక్కడి రంగుకి దాని ఎదురు రంగు కొద్దిగా కలిపి నెమ్మది చేయండి. నారింజకి నీలం, ఎరుపుకి ఆకుపచ్చ, పసుపుకి ఊదా.

నారింజ, నీలం సగం సగం అయిపోవడం. ఇద్దరూ గెలవరు. ఎర్రరాళ్లకి స్కెచ్‌లోనే సగానికి పైగా ఇచ్చి ఉండాల్సింది. కూర్పు దాటిపోయింది కాబట్టి ఇప్పుడు చేయగలిగింది ఏంటంటే, సముద్రంలో ప్రతిబింబాలు పెంచి వెచ్చదనాన్ని నీటిలోకి పాకించడం.

చుట్టూ గీత కట్టేసి పిల్లల రంగుల పుస్తకంలా కావడం. వెలుగు వైపు గీతని కప్పేయండి, నీడ వైపు మాత్రం ఉంచండి. గీత ఎప్పుడూ మందం మారుతూ ఉండాలి.

రాయి బల్లపరుపుగా కనిపించడం. రంగు మార్చారు గానీ టోన్ మార్చలేదు. మళ్లీ ఫోన్ తీసి బ్లాక్ అండ్ వైట్ చేసి చూడండి, నీడ పలక ఎండ పలకలో కలిసిపోయిన చోటు పట్టుబడుతుంది. అక్కడొక్కచోట ఊదా ముదురు చేస్తే సరిపోతుంది, బొమ్మంతా తిరగరాయక్కర్లేదు.

10. ఆక్రిలిక్‌తో వేసేవాళ్లకి

ఆయిల్ వాసన పడనివాళ్లు, అద్దె ఇంట్లో ఉండేవాళ్లు ఆక్రిలిక్‌తో వేస్తారు, బాగానే వస్తుంది. మూడు మార్పులు చేసుకోండి. ఆక్రిలిక్ ఆరాక కొంచెం ముదురవుతుంది కాబట్టి కుప్పలు అరమెట్టు లేతగా కలపండి. పాలెట్ మీద తడిగుడ్డ, దాని పైన బటర్ పేపర్ పరిచి రంగులు పెడితే తొందరగా ఎండవు. నీళ్లు ఎక్కువ కలిపి పలచన చేయకండి, గీత చచ్చిపోతుంది, హెవీ బాడీ అని రాసి ఉండే చిక్కటి రంగు దొరికితే అదే వాడండి.

ఒక లాభం కూడా ఉంది. అడుగు పొర అరగంటలో ఆరిపోతుంది కాబట్టి బురద భయం తక్కువ, నీడల మీద పొడిబ్రష్‌తో నీలం లాగొచ్చు.

వాటర్ కలర్‌తో మాత్రం ఈ పద్ధతి ప్రయత్నించకండి. చిక్కన గీత లేకుండా సగం పద్ధతి పోతుంది.

11. ఎక్కడ ఆపాలి, తర్వాత ఏం చేయాలి

మూడు విడతల్లో అయిపోవాలి. మొదటి విడత నీడలు, ఎండరాళ్లు. రెండో విడత సముద్రం, ఆకాశం. మూడోది అంచులు, మెరుపులు. నాలుగో విడతకి కూర్చున్నారంటే సాధారణంగా పాడుచేయడానికే. రోజూ కాస్త సవరిస్తూ పోతే గీతల్లో తాజాతనం పోయి ఇంప్రెషనిస్టుల ఎండ కాస్తా ఆరిపోతుంది.

ఆపే ముందు చూసుకోవలసినవి:

• పది అడుగుల దూరం నుంచి రాయి ఉబ్బెత్తుగా, బరువుగా ఉందా?
• బొమ్మను తలకిందులు చేసి చూస్తే ఒక రంగు ఒకేచోట గుంపు కట్టిందా? కడితే రెండో మూల అదే రంగు చిన్న గీత వేయండి.
• అడుగు పూత కనీసం పది చోట్ల కనిపిస్తోందా?
• పచ్చి ఎరుపు మూడు చోట్లకి మించిందా? మించితే తీసేయండి.

పలచని భాగాలు వారంలో చేతికి అంటకుండా ఆరతాయి, చిక్కని నురగ గీతలకి ఇంకా చాలా ఎక్కువ పడుతుంది, అలిజరిన్ అయితే మరీ నెమ్మది. వానాకాలంలో తేమకి బూజు పట్టే అవకాశం ఉంది కాబట్టి గోడకి ఆనించకుండా గాలి ఆడేచోట పెట్టండి. నేరుగా ఎండలో పెట్టి ఆరబెట్టొద్దు. ఫోటో తీయాలంటే ఆరుబయట నీడలో, ఫ్లాష్ లేకుండా, ఎదురుగా నిలబడి తీయండి.

మామూలు వార్నిష్‌కి ఆరు నెలలైనా ఆగండి, మందంగా వేసినచోట ఏడాది. ఈలోపు ఇదే స్కెచ్‌తో సాయంత్రపు ఎండలో రెండో బొమ్మ మొదలుపెట్టుకోవచ్చు. ఎండరాళ్ల కుప్పల్లో ఓకర్ తగ్గించి అలిజరిన్ పెంచండి, సముద్రంలో విరిడియన్ తగ్గించి ఊదా పెంచండి, నీడరాళ్ల కుప్పలు మాత్రం అలాగే ఉంచండి.